కడిగి ఇచ్చిన కుక్క

ఈ సంగతి నేను చెప్పడం మొదటిసారి కాదు. మా క్యాంపు పెద్దమనుషులకు చెప్పాను, టీ తాగి లేచి వెళ్లారు. మా ఆవిడకు చెప్పాను, పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి పోయింది. మా మేనకోడలి పెళ్లిలో భోజనాల దగ్గర ఎత్తుకుంటే, "మళ్లీ ఆ కుక్క గోలేనా, పెరుగన్నం తినవయ్యా" అన్నారు. వడ్డించేవాడు కూడా నవ్వాడు. నవ్విన వాళ్లలో ఎవరు ఏ వరుసలో కూర్చున్నారో నాకు ఇప్పటికీ గుర్తే. చెబితే వినలేదు కాబట్టి రాస్తున్నాను.

మాది కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పండించే కుటుంబం. మాలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. కాలువ నీళ్లు ఎక్కని మెట్ట చెక్క కూడా ఒకటి ఉంది, అందులో జొన్న వేస్తాం. ఆ జొన్నలో, గట్ల మీది గడ్డిలో కౌజు పిట్టలు గుడ్లు పెడతాయి. మా నాన్న కాలంలో వాటిని వేటాడేవారు. ఇప్పుడు వేట నేరం, నాకు ఆ సరదా కూడా లేదు. నా బాధంతా కోత మిషనుతోనే. ఒక ఏడాది మిషను పోయిన దారిలో పొదిగే కౌజు ఒకటి గుడ్లతో సహా నలిగిపోయి కనిపించింది. రెక్క ఇంకా గుడ్ల మీద కప్పే ఉంది.

అప్పటి నుంచి మిషను దిగకముందే చేనంతా నడిచి గూళ్లు వెతకడం మొదలుపెట్టాను. మనిషి కంటికి ఆ పిట్ట కనపడదు. కాలి కింద పడేదాకా కదలదు. అందుకే కుక్క కావాలి. అదీ మీద పడే కుక్క కాదు. వాసన తగలగానే ముందు కాలు ఒకటి ఎత్తి, ముక్కు అటే చాచి, బొమ్మలా ఆగిపోయే కుక్క. అది ఆగిన చోట నేను ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతితే, మిషను దాని చుట్టూ వదిలేసి కోస్తుంది.

అలా ఆగే జాతులు వేరే ఉన్నాయి. కాని మా ఇంటి నిండా కోళ్లు, చిన్నపిల్లలు. ల్యాబ్రడార్ అయితే నెమ్మది, నోరు మెత్తన, పట్టుకున్నా పన్ను దిగదు. వాటిలో కూడా ఎక్కడో ఒకటి ఆగేది పుడుతుందని విన్నాను. దాని కోసం తిరిగాను. అరకేరలో ఒకాయన దగ్గర ఉందంటే వెళ్లాను. అది కదలకుండా నిలబడిన మాట నిజమే, వయసు మీరి కదల్లేక. యరగేరలో చూపించినది కూడా ఆగింది, నా చేతిలో బిస్కెట్ ఉన్నంతసేపు.

చివరికి రాయచూరు పట్నంలో కుక్కలు పెంచే ముసలాయన ఒకడు దొరికాడు. నాకు తోడుగా మా ఆవిడ తమ్ముడు వచ్చాడు. పక్క క్యాంపులోనే ఉంటాడు.

"ఏంది సార్, ల్యాబు నిలబడాల్నా?" అని నవ్వాడు ముసలాయన. "ల్యాబంటే ఉరుకుడే. పడ్డ పిట్టను నోట్ల పట్టుకొచ్చి చేతుల పెడ్తది. నిలబడేటిది కావాలంటే బొమ్మ కొనుక్కపోరాదు?"

"బొమ్మకి ముక్కు పనిచెయ్యదు గదండీ," అన్నాను.

"జిద్దు మనిషివే నువ్వు. సరే, నీ నసీబ్ జూద్దాం."

కోళ్ల గంప దగ్గరికి కుక్కపిల్లల్ని వదిలాడు. అన్నీ గంప మీద ఎగబడ్డాయి. ఒక్క నల్లది మాత్రం దూరంగానే ఆగి, కుడి కాలు ఎత్తి, తోక బిగబట్టింది. ముసలాయన పాన్ నమలడం ఆపేశాడు. "గిట్ల నేను గూడ జూడలే," అన్నాడు.

"లాటరీ కొట్టావు బావా!" అని మా బావమరిది నా భుజం చరిచాడు. ఆ చరుపు కూడా నాకు గుర్తే.

ఎదిగాక ఆ కుక్క ప్రతి కోతకీ నా ముందు నడిచింది. అది ఆగిందంటే అక్కడ గూడు ఉన్నట్టే. మిషను డ్రైవరు మొదట్లో "కుక్కగారి పర్మిషన్ వచ్చిందా సార్?" అని ఎగతాళి చేసేవాడు. తర్వాత తనే కర్రలు అందుకుని పాతేవాడు. దానికి ఒక్కటే భయం, టపాకాయలు. దీపావళికి మంచం కింద దూరితే అన్నం చూపించినా బయటికి వచ్చేది కాదు.

మా క్యాంపుల్లో ఒక ఆనవాయితీ ఉంది. మొదట వచ్చినవాళ్లు గుడిసెల్లో ఉంటూ గునపం దగ్గర్నుంచి గుండిగ దాకా ఒకరిదొకరు వాడుకున్నారు. అందుకని కోతల రోజుల్లో అయినవాళ్లు ఏది అడిగినా ఎందుకని అడగకుండా ఇవ్వాలి. తీసుకున్నవాళ్లు కడిగి తిరిగివ్వాలి. మట్టి తవ్విన పారనైనా కడిగే ఇస్తారు.

"బావా, మా మెట్టలో మిషను దిగుతోంది, కుక్కనివ్వు," అని వచ్చాడు మా బావమరిది. సంతోషంగా ఇచ్చాను. నా మాట పట్టించుకున్న మొదటి మనిషి కదా అనుకున్నాను. జొన్న అయ్యాక పంపిస్తానన్నవాడు పంపలేదు. అడిగితే "కంది కూడా ఉంది కదా బావా" అన్నాడు. ఎప్పటికో తెచ్చి అప్పగించాడు. కుక్క మిలమిలా మెరుస్తోంది, ఒళ్లంతా సబ్బు వాసన. "కడిగి తెచ్చాను, చూసుకో బావా," అన్నాడు. మీ తమ్ముడు మర్యాద తెలిసినవాడు అని మా ఆవిడతో నేనే అన్నాను.

తర్వాతి కోతకి దాన్ని తీసుకుని జొన్నలో దిగాను. కొంత దూరం పోయాక ఆగింది. అదే కాలు, అదే తోక. నేను కర్ర పాతబోతుంటే పక్క చేలో ఎవరో అడవి పందుల్ని బెదరగొట్టడానికి టపాకాయ కాల్చారు. ఇంటికి పరిగెడుతుందనుకున్నాను. అది ముందుకు దూకింది. జొన్న కదిలింది. తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుని, నోట్లో ఉన్నది నా అరచేతిలో పెట్టింది. పొదిగే కౌజు. ఒక్క ఈకైనా విరగలేదు. దాని గుండె నా వేళ్ల మధ్య కొట్టుకుంటోంది. కుక్క నా మొహంలోకి చూసి తోక ఊపింది, శభాష్ అంటానని.

పిట్టను వదిలేశాను. అది గూటివైపు పోలేదు, కాలువ దాటి ఎగిరిపోయింది. పొద్దు వాలేదాకా గట్టు మీద కూర్చున్నాను. రాలేదు. గుడ్లు చల్లబడిపోయాయి.

చప్పుడు వింటే మంచం కింద దూరే కుక్కకి, చప్పుడు వింటే పిట్టను తేవాలని ఎవరు నేర్పారు? అలా నేర్పాలంటే దాని ముందు ఎన్నిసార్లు తుపాకీ పేలి ఉండాలి, ఎన్ని పిట్టలు రాలి ఉండాలి?

వెళ్లి బావమరిదిని అడిగాను. హోటల్లో ఇడ్లీ తింటూ, అందరి ముందూ, "నీ కుక్కకి ఇంకో విద్య వచ్చిందనుకో బావా. ట్యూషన్ ఫీజు అడిగానా?" అన్నాడు. బల్లల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "మా తమ్ముడు అలాంటోడు కాదండీ. ఓ పిట్ట కోసం నన్ను పుట్టింటికి దూరం చేస్తారా?" అంది.

ఇప్పుడు కుక్కను చేలోకి తీసుకెళ్లడం లేదు. మిషను చప్పుడు వినపడితే అది గేటు దగ్గర నిలబడి కాలు ఎత్తుతుంది. దాన్ని తిట్టలేను, దానికి నేర్పిందే అది చేసింది. కర్ర పట్టుకుని నేనొక్కణ్ణే నడుస్తున్నాను. మిషనుకు ముందు నాకేమీ కనపడదు. వెనక ఈకలు కనపడుతున్నాయి.

మళ్లీ కోతలు దగ్గరపడ్డాయి. బావమరిదీ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. నవ్వకుండా, మీ అక్కను అడ్డం పెట్టుకోకుండా, ఒక్కదానికి జవాబు చెప్పు. నా కుక్కను తెచ్చిచ్చిన రోజు, అంత సబ్బు రుద్ది దాని ఒంటి మీద నుంచి నువ్వు కడిగేసిందేమిటి?