ఉప్పుగాలి గోడకు తగిలించిన టీవీ

మా తాతగారికి సంగం దగ్గర ఎంత మాగాణి ఉండేదో చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. నాకు మిగిలింది మైపాడు రోడ్డులో ఒక టీవీల దుకాణం, దాని బోర్డు మీద మా ఇంటిపేరు. ఆ పేరు పెట్టి ఒక వస్తువు అమ్మానంటే దానికి నేను జవాబు చెప్పగలగాలి. అంతకు మించి నాకు ఆస్తి లేదు.

పోయిన వేసవిలో ఒక కంపెనీ నెల్లూరు హోటల్లో డీలర్లను పిలిచింది. తెరలు తామే తయారు చేస్తున్నామని, ఇకమీద తమ టీవీలు, ఫోన్లు ఆ తెరలతోనే వస్తాయని, పట్నాల్లో కొనేవాళ్లు తగ్గారు కాబట్టి తీరం వెంబడి పల్లెలకు వస్తున్నామని చెప్పారు. చేతిలో ఫోను, గోడ మీద టీవీ, అంగట్లో ధరలు చూపే తెర, మూడింటి మీదా వాళ్ల పేరే కనబడాలట. భోజనాల దగ్గర వాళ్ల ఏరియా మేనేజరు నా పక్కకు వచ్చాడు. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. నాకు అప్పుడే అనుమానం మొదలైంది.

"ఈ తీరంలో మీ ఇంటిపేరంటే నమ్మకం సార్. మీ బోర్డు తీయమని అడగం. దాని కిందే మా పేరు పెట్టుకుంటాం" అన్నాడు.

మిగతా డీలర్లందరినీ సొంత బోర్డు తీసేయమన్నవాళ్లు నన్ను మాత్రం ఉంచుకోమంటున్నారు. ఎందుకు? ఒప్పంద పత్రం ఇంటికి తెచ్చుకొని మూడుసార్లు చదివాను. మెలిక ఏదీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా అనుమానం పెరిగింది.

చివరికి నాకు తెలిసిన దారిలోనే పరీక్షిద్దామనుకున్నాను. సముద్రం ఒడ్డున ఉన్న మైపాడులో ఉప్పుగాలికి టీవీ వెనక సర్క్యూట్ బోర్డులు చిలుమెక్కి పాడవుతాయి. వీళ్ల టీవీలు దానికి తట్టుకుంటాయట. ఒక టీవీ ఇస్తే వానాకాలం గడిచాక సంతకం చేస్తానన్నాను. మేనేజరు అడ్డు చెప్పకుండా ఇచ్చాడు. మైపాడులో చేపలమ్మే ఒకావిడ ఇంట్లో, సముద్రపు గాలి నేరుగా కొట్టే గోడకు దాన్ని దగ్గరుండి తగిలించాను.

"ఇంత పెద్దది ఊరికే ఇచ్చినారంటే ఏందో ఉండాదయ్యా" అందామె.

"అదేందో చూద్దామనే" అన్నాను.

కార్తీకం దాటేసరికి తెర నిండా నిలువు గీతలు వచ్చాయి. నాకు సంతోషమే కలిగింది, దాచను. దుకాణంలో నలుగురూ వింటుండగా మేనేజరుకు ఫోన్ చేసి, గాలికి ఆగని సరుకును మా ఇంటిపేరుతో అమ్మించబోయారని దులిపేశాను. మోసమనే మాట కూడా వాడాను. అతను మర్నాడే వచ్చాడు. చేపలమ్మే ఆవిడ టీవీని ఆటోలో వేయించుకొని వచ్చింది. అందరి ముందూ మా మెకానిక్‌ చేత విప్పించాను.

వెనక బోర్డుల మీద చిలుము చుక్కయినా లేదు. తెర కింది అంచులో మాత్రం లోపలికి దిగిన తడి మరక ఉంది, పసుప్పచ్చగా.

"ఇదేందన్నా, పసుపు మాదిరుండాదే?" అన్నాడు మెకానిక్.

"పసుపే" అంది ఆమె. "శుక్రవారం శుక్రవారం దేవుడి పటాలు తుడిచే గుడ్డతోనే దాన్నీ తుడస్తా ఉండా. అయ్య తెచ్చి పెట్టింది, దుమ్ము పట్టనిస్తానా?"

పసుపునీళ్లలో ముంచిన గుడ్డ అది. వారం వారం ఆ నీళ్లు అంచులోకి దిగి తెరను పాడుచేశాయి. మా ఇంట్లోనూ ఆడవాళ్లు శుక్రవారం అలాగే తుడుస్తారు. గాలిని అనుమానించాను, కంపెనీని అనుమానించాను, గుడ్డ సంగతి నాకు తోచనే లేదు.

తప్పొప్పుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. అయినా లేచి నిలబడ్డాను. "తప్పు మీ టీవీది కాదు. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

మేనేజరు మర్యాదగా తల ఊపి, పెట్టెతో వచ్చిన వారంటీ కార్డు తీశాడు. "తడి తగిలితే వారంటీ చెల్లదని ఇందులో ఉంది సార్." చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. తెలుగులో చెప్పమన్నాను. చెప్పాడు.

ఆమె ఊరుకోలేదు. "అట్టనా? మరి కొనేటప్పుడు ఆ మాట మాకెవురు చెప్తారు సామీ?"

"సార్ చెప్తారమ్మా. అందుకేగా సార్ కావాలంటున్నాం" అన్నాడతను. దాచుకునే మాటలా అనలేదు, నవ్వుతూనే అన్నాడు.

నా బోర్డు ఎందుకు ఉంచమన్నారో అప్పుడు తెలిసింది. ఈ తీరంలో శుక్రవారం గుడ్డకు తెర పాడైన ప్రతి ఇంటివాళ్లూ పైనున్న ఇంటిపేరు చదువుకొని లోపలికి వచ్చి నన్నే నిలదీస్తారు.

"ఆ వాక్యం పెట్టె మీద పెద్ద తెలుగు అక్షరాల్లో వేయించండి. ఇప్పుడే సంతకం చేస్తాను."

"పెట్టె హెడ్డాఫీసు డిజైన్ సార్. దేశమంతా ఒకటే."

సంతకం చేయని ఒప్పంద కాగితాలు అతని వైపు జరిపాను.

"రోడ్డవతలి దుకాణం వాళ్లు కూడా మా డీలర్‌షిప్ అడుగుతున్నారు సార్" అన్నాడు మెల్లగా.

"ఇచ్చేయండి."

అతను కారెక్కి వెళ్లాక, విప్పిపడేసిన టీవీని చూస్తూ ఆమె అంది: "మీ పౌరుషం బాగానే ఉండాది గానీ అయ్యా, రేపట్నించి నేను సీరియలు యాడ చూడాల?"

షోకేసులో ఉన్న టీవీ ఒకటి దింపమని మెకానిక్‌తో చెప్పాను. అది వేరే కంపెనీది, దాని పెట్టె మీదా తెలుగు లేదు. పొడిగుడ్డతోనే తుడవాలని ఆమెకు రెండుసార్లు చెప్పాను. ఆమె తల ఊపినా నమ్మకం కుదరక, ఆ మాట ఆమె నోటితో ఒకసారి చెప్పించుకొని గానీ ఆటో ఎక్కించలేదు.