నర్సమ్మ పాఠం నేర్చుకున్న ఊరు

2009 వానాకాలంలో నా మొదటి ఉద్యోగం శంషాబాద్ పక్కన ఒక ఊళ్లో. పల్లెల్లో ఆరోగ్య సిబ్బంది ఎలా పనిచేస్తున్నారు, వాళ్లు చెప్పేది జనానికి ఎంతవరకు ఎక్కుతోంది అన్నది మా పరిశోధన. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని, అప్పుడే చదువు ముగించినదాన్ని. ఆ ఊరి నర్సు వెంట తిరిగి చూడడం, తర్వాత ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడగడం నా పని.

ఆమెది ఆ ఊరే. కాంట్రాక్టు ఉద్యోగం. భర్త ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. ఇంట్లో అత్త, బడికెళ్లే కూతురు. ఊళ్లో చిన్నపిల్లలకు సూదులు వేసేది ఆమే కాబట్టి అందరూ నర్సమ్మ అనేవారు. నేను అక్కా అనేదాన్ని.

ఆ ఏడు అంతటా స్వైన్ ఫ్లూ భయం. విదేశాల విమానాలు నెత్తిమీదనే దిగుతుండటంతో ఆ ఊరివాళ్లకు ఇంకాస్త ఎక్కువ. నర్సమ్మ ఒకరోజు అంగన్‌వాడీ ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి, తన అరచేతికి తడి పసుపు పూసుకుని ఒకామెతో చేయి కలిపింది. ఆమెను పక్కామెతో కలపమంది. అలా వరస చివర కూర్చున్నామె వేళ్లకు కూడా పసుపు అంటింది.

“చూసిన్రా? గీ పసుపు ఎట్లంటిందో జొరం గూడ గట్లనే అంటుతది. జొరమొచ్చి దగ్గేటోళ్లకు దూరముండాలె. వాళ్ల చెంబు, తువ్వాల ముట్టొద్దు. సొంత అక్కయినా సరే.”

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నర్సమ్మ పక్కింటామె. రెండిళ్లకూ ఒకటే గోడ. కూరగిన్నెలు ఆ గోడమీదుగా అటూ ఇటూ వెళ్లడం నేను రోజూ చూసేదాన్ని.

కొన్నాళ్లకు నర్సమ్మకే జ్వరం వచ్చింది. ఎక్కడ అంటుకుందో ఎవరికీ తెలియదు. రోజూ రోగుల మధ్య తిరిగే మనిషి. పరీక్షలో అదేనని తేలితే సిటీలో దవాఖానకు తీసుకెళ్లారు. తగ్గింది. ఇక భయం లేదని డాక్టర్లు చెప్పి పంపించారు.

ఆమె ఆటో దిగేసరికి ఇంటి చుట్టూ బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంది. ఊరంతటిలో ఆ ఒక్క ఇంటికే. అత్త ఆమె మంచాన్ని బర్రెల కొట్టంలో వేయించింది. కూతురి పక్కన ఏ పిల్లా కూర్చోవడం లేదని బడినుంచి ఇంటికి పంపేశారు. నర్సమ్మ బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి వెళితే ఆడవాళ్లు తమ బిందెలు తీసుకుని పక్కకు జరిగారు. నేనక్కడే ఉన్నాను.

“నాకు తగ్గింది. గందుకే గదా డాక్టర్లు పంపిన్రు,” అంది నర్సమ్మ.

“తగ్గితే మంచిదే,” అంది పక్కింటామె. “జర ఆడనే నిలబడి మాట్లాడు. నువ్వే చెప్పినవ్ గదా నర్సమ్మా, సొంత అక్కయినా సరే అని.”

అందులో వెటకారం లేదు. పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. నర్సమ్మ ఖాళీ బిందెతో వెనక్కి వెళ్లింది. ఆ దూరం జ్వరమున్నన్నాళ్లేనని, తగ్గినవాళ్లతో ప్రమాదం లేదని నేను చెప్పబోయాను. “మీరు గుంటూరోళ్లు, మీకేం తెలుస్తది మేడం,” అని నవ్వేశారు.

తర్వాత నేను ప్రశ్నలతో ఇళ్లకు వెళ్లాను. చేతులెప్పుడు కడగాలి, దగ్గేవాళ్లతో ఎలా మెలగాలి. ఎవరూ తడుముకోలేదు. పక్కింటామె సబ్బు తెచ్చి గోళ్లసందులు కూడా రుద్ది చూపించింది. అంత శుభ్రంగా చేతులు కడిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నర్సమ్మ మాత్రం చంటిపిల్లల సూదులకు వెళితే తలుపులు తెరుచుకోలేదు. బయటినుంచి పిలిచేది. లోపల టీవీ గొంతు పెరిగేది.

శంషాబాద్‌లో ఊళ్ల ఆరోగ్య సిబ్బందికి మీటింగు పెట్టి, మా పరిశోధన నడిపే పెద్దాయన ఫలితాలు చెప్పాడు. ఆ ఊళ్లో అవగాహన అన్ని ఊళ్లకన్నా మెరుగు. అందరూ చప్పట్లు కొట్టారు. అదే ఊళ్లో సిబ్బంది పనితీరు అన్నిటికన్నా అధ్వానం. నర్సమ్మ వెనక వరసలోంచి లేచింది.

“సార్, వాళ్లు తలుపే తియ్యకపోతే లోపలికెట్ల పోవాలె?”

“నచ్చజెప్పాలమ్మా. అదేగా నీ ఉద్యోగం,” అన్నాడాయన.

ముందు వరసల్లో నవ్వులు. నర్సమ్మ కూర్చుంది. ఆ తర్వాత ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

2012లో ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక హోటల్లో మాకు శిక్షణ పెట్టారు. పొద్దున నా గదికి దుప్పట్లు మార్చడానికి వచ్చినామె నర్సమ్మ. హోటల్ యూనిఫాంలో సన్నబడి కనిపించింది. నేను అక్కా అంటే కాసేపు చూసి గుర్తుపట్టింది.

“మంచిగున్నరా మేడం?”

“బాగున్నానక్కా. నీకిక్కడ ఎలా ఉంది?”

“ఏముంది, పక్కలు దులుపుడు. ఊళ్లె ఉంటలేం. శంషాబాద్‌ల కిరాయికి తీసుకున్నం.”

ఊళ్లో వాళ్ల పక్కింటామె గురించి అడిగాను. నర్సమ్మ దిండు గలీబు మారుస్తూనే చెప్పింది.

“సచ్చిపోయింది. మొన్న వానల్ల, డెంగీతోని. దినాలకు పిలిచిన్రు. పోయిన.”

“ఏడ్చావా?”

“మటన్ మంచిగ చేసిన్రు,” అంది. “కడుపునిండ తిన్న. ఇంకోపాలి గూడ అడిగి ఏయించుకున్న.”

పరుపు కిందికి దుప్పటి అంచు గట్టిగా దోపి, మాసిన బట్టల బండి తోసుకుంటూ పక్క గదికి వెళ్లింది. కింద హాల్లో మా శిక్షణ మొదలవుతోందని ఫోనొచ్చింది.