రద్దు చేసిన విందు

బూసాన్ రేవు పక్క చేపల హోటల్లో బిల్లు కట్టడమంటే కుస్తీ పోటీయే. స్నేహితులిద్దరిలో ఏళ్ల తరబడి గెలుపు పెద్దవాడైన దల్సూదే. చాలాకాలం ఖాళీగా ఉన్న మన్‌బోక్‌కి ఈమధ్యే రేవులో కాపలా పని దొరికింది. ఆ రోజు అతను చేతులు కడుక్కునే వంకతో లేచి, గుట్టుగా కార్డు గీకి వచ్చాడు.

సంగతి తెలిసి దల్సూ గల్లాపెట్టె మీదికి ఉరికాడు.

"వాడి కార్డెందుకు తీసుకున్నావమ్మా? బ్యాంకుకి ఫోన్ చేసి ఆపించు!"

"బ్యాంకు దాకా దేనికి? ఇంకా పెండింగ్‌లోనే ఉంది, నేను రద్దు నొక్కితే పోతుంది," అంది హోటలామె. "పాపం, ముచ్చటపడి కట్టాడు. ఉండనీ అన్నా."

"పెద్దవాణ్ణి నేనుండగానా? నొక్కు!"

ఆమె నొక్కింది. దల్సూ తన కార్డిచ్చి, ఛాతీ విరుచుకుని బల్ల దగ్గరికొచ్చాడు. అప్పటికే మన్‌బోక్ ఫోన్ మోగింది. చెల్లింపు రద్దయిందన్న కబురు చదువుకుని, అతను నోటిదాకా ఎత్తిన సోజు గ్లాసు కిందపెట్టేశాడు.

"నా సొమ్ము నీకు చేదయిందా అన్నా?"

దల్సూ పకపకా నవ్వాడు. వెధవ పెద్దరికం! ఆ నవ్వు ఇప్పటికీ దల్సూ గొంతులోనే ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎప్పుడు భోజనానికి పిలిచినా మన్‌బోక్ మర్యాదగానే అంటాడు: "ఇప్పుడే తిన్నానన్నా."