రేపల్లె డ్రెయిను గట్టు మీద ‘ఉందా?’ అన్న గొంతు

నేను ఒట్టు వేయను. ఒట్టు పెట్టుకోకూడదని సండే స్కూల్లో నేర్చుకున్నవాణ్ణి. అవునంటే అవును, కాదంటే కాదు… అంతకు మించి మాట ఉండకూడదు. కాబట్టి ఒక్కటే చెబుతాను. అవును, ఇది జరిగింది. నాకే జరిగింది.

మాది తెనాలి. పెద్ద మిషన్లకు కరెంటు పని చేస్తాను… వైరింగు, సెన్సార్లు, అలాంటివి. మా ఆవిడ తమ్ముడు జీవన్ ఆ ఏడాదే బాపట్లలో ఒక పాత ఎక్స్‌కవేటర్ కొన్నాడు. మొదటి పని రేపల్లె దగ్గర దొరికింది. వానలకు పొలాలు మునిగాయి. డ్రెయిను నిండా గుర్రపుడెక్క. అది తీస్తే నీళ్ళు లాగుతాయి. తీయకపోతే కొత్తగా వేసిన నాట్లు కుళ్ళిపోతాయి. ఆ చుట్టుపక్కల రైతులంతా జీవన్ మీదే ఆశ పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే మిషను మొరాయించింది. ఇంజను నడుస్తుంది… బూమ్, అదే మిషను చెయ్యి, లేవదు. లేచినా ముసలాయన మెట్లెక్కినట్టు లేస్తుంది. స్క్రీన్ మీద పంపు ప్రెషర్ సెన్సార్ అని ఎర్ర గుర్తు. కాసేపు పోతుంది… మళ్ళీ వస్తుంది.

నేను చేరేసరికి చీకటి పడింది. తెల్లారేలోపు ఎలాగైనా చూడమని చెప్పి రైతులు ఇళ్ళకు బయల్దేరారు. ఒక పెద్దాయన మాత్రం చివరిదాకా గట్టు మీదే నిలబడ్డాడు. వెళుతూ వెళుతూ మునిగిన తన మడి వైపు ఒకసారి చూశాడు. అంతే. ఆ చూపు నన్ను వదల్లేదు.

ప్రార్థన చేసుకోకుండా నేను మిషను ముట్టుకోను. కళ్ళు మూసుకున్నాను. జీవన్ ఊరుకుంటాడా.

“బావా, ఆమెన్ తొందరగా అను. దోమలు నన్ను మోసుకెళ్ళిపోతున్నాయి.”

కొత్త సెన్సార్ పెట్టి చూశాను. అదే గుర్తు. అంటే సెన్సార్ మంచిదే. దాని కబురు మోసుకొచ్చే వైరు ఎక్కడో తెగుతూ అతుకుతూ ఉంది. కబురు అందకపోతే మెదడులాంటి కంట్రోలర్ భయపడి మిషను బలం తగ్గించేస్తుంది.

ఇలాంటిది పట్టుకోవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు కాబిన్‌లో, సీటు వెనక కంట్రోలర్ దగ్గర మీటర్ పెట్టుకుని కూర్చోవాలి. ఇంకొకరు కింద టార్చి పట్టుకుని, వైర్ల కట్టను జానెడు జానెడు కదుపుతూ రావాలి. కిందవాడు ‘ఉందా?’ అంటాడు. పైవాడు ‘ఉంది’ అంటాడు. ఎక్కడ కదిపినప్పుడు పైవాడు ‘పోయింది’ అంటాడో… జబ్బు అక్కడ.

ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి నేను కాబిన్‌లో కూర్చున్నాను, జీవన్ టార్చితో కిందికి దిగాడు. మీటర్‌లో అర వోల్టు. ఉండాల్సినంతే ఉంది. తుంపర మొదలైంది. కాబిన్ రేకు మీద టప్… టప్…

“ఉందా?”

“ఉంది.”

“ఉందా?”

“ఉంది.”

మధ్యలో జీవన్ ఏదో చెప్పాడు. మీటర్ మీదే ధ్యాస ఉండి, తల తిప్పకుండానే సరే అన్నాను. కాసేపు కప్పల అరుపు తప్ప ఏమీ లేదు. తర్వాత మళ్ళీ…

“ఉందా?”

“ఉంది.”

గొంతు కాస్త బొంగురు పోయింది. తడిశాడు, జలుబు చేసిందనుకున్నాను.

“ఉందా?”

“ఉంది.”

ఇప్పుడు గొంతు సరిగ్గా నా కాళ్ళ కిందికి వచ్చింది. వైర్లు ఇనుముకు రాసుకుంటున్న చప్పుడు… సర్… సర్… చాలా మెల్లగా. జీవన్‌కు అంత ఓపిక ఎక్కడిది? వాడు వైరును మోకు లాగినట్టు లాగుతాడు. ఇది… నిద్రపోతున్న పిల్లను లేపకుండా జడ విప్పుతున్నట్టుంది.

మీటర్‌లో అంకె వణికింది.

సున్నా.

“పోయింది,” అన్నాను.

ఒక్క క్షణం… కప్పలు కూడా ఆగినట్టనిపించింది.

“ఇక్కడే అబ్బాయ్.”

అబ్బాయ్…

నా పెళ్ళయిన నాటి నుంచి జీవన్ నన్ను బావా అని తప్ప ఇంకోలా పిలవలేదు.

స్తోత్రం ప్రభువా అనుకున్నాను. ఫోన్ లైటు వేసుకుని, కడ్డీలు పట్టుకుని కిందికి దిగాను. పంపు వైపు తలుపు తెరిచే ఉంది. ఎవరూ లేరు. కాబిన్ కిందికి లైటు కొట్టాను.

వైర్ల కట్ట ఊగుతోంది.

ఇంజను ఆపి ఉంది. గాలి లేదు. అయినా ఊగుతోంది… ఎవరో ఇప్పుడే వదిలేసినట్టు. చూస్తుండగానే ఆగింది. ఆ కట్ట ఇనుప రేకు రంధ్రంలోంచి దూరేచోట రబ్బరు ఊడిపోయింది. అంచుకు ఒరుసుకుని ఒక వైరు మీద తొడుగు లేచిపోయి, లోపల రాగి మెరుస్తోంది.

దూరంగా గట్టు మీద వెలుగు కనిపించింది. జీవన్. రోడ్డు మీద పెట్టిన బండి దగ్గర నుంచి వస్తున్నాడు.

“ఏంటి బావా, దిగావు? టార్చి ఆరిపోతోంది, ఇంకోటి తెస్తానని చెప్పి వెళ్ళాగా.”

“మరి ఇంతసేపూ నన్ను ‘ఉందా’ అని అడిగింది ఎవర్రా?”

వాడు నవ్వబోయాడు. నా ముఖం చూసి మానుకున్నాడు. జరిగింది చెప్పాను. వాడు టార్చి నా చేతిలో పెట్టి, పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“బావా… ఇంకోసారి ప్రార్థన చెయ్యి. ఈసారి నెమ్మదిగానే చెయ్యి.”

చేశాను. వైరు అతికించాను. గొట్టం తొడిగి, రేకు అంచుకు తగలకుండా కట్టాను. స్టార్ట్ చేస్తే బూమ్ ఒక్క ఊపున లేచింది. రాత్రంతా జీవన్ గుర్రపుడెక్క తోడుతూనే ఉన్నాడు. తెల్లారేసరికి నీళ్ళు కదిలాయి. ఆ పెద్దాయన మడిలో నారు కొసలు పచ్చగా పైకి కనిపించాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘం పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. బైబిల్లో చెరసాల నుంచి బయటపడ్డ అపొస్తలుడు వచ్చి తలుపు తడితే, లోపలివాళ్ళు అతను కాదు, అతని గొంతుతో వచ్చిన అతని దూత అనుకున్న సంగతి గుర్తు చేశారు. మరి ఇక్కడ ఎవరి దూత అండి అన్నాను. నాకూ తెలియదు నాయనా, మేలే జరిగింది కదా, కృతజ్ఞత చెప్పుకో అన్నారు.

చెప్పుకున్నాను. అయినా మనసు ఆగలేదు. ఆ మిషనును చాలా ఏళ్ళు నడిపింది కోటయ్య అనే ఆయన అని జీవన్ కనుక్కున్నాడు. ఇద్దరం బాపట్ల వెళ్ళాం. గోడ మీద దండ వేసిన ఫొటో చూడబోతున్నానని దారంతా గుండె గట్టి చేసుకున్నాను.

తలుపు కోటయ్య గారే తీశారు.

మోకాళ్ళు పట్టేసి డ్రైవింగ్ మానేశారట. నిక్షేపంగా ఉన్నారు. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, అత్తారింటికి పంపిన కూతురి గురించి అడిగినట్టు అడిగారు.

“ఎలా ఉందబ్బాయ్ అది?”

జీవన్ నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. నేను వైరు ఒరుసుకుందని మాత్రం చెప్పాను.

“కాబిన్ కిందేగా. అక్కడ రబ్బరు నిలవదు. నేను గుడ్డ చుట్టేవాణ్ణి. వానలు పట్టాయంటే నాకదే బెంగ. నిద్ర పట్టదు. ఇక్కడ పడుకునే దాని వైర్లన్నీ తడుముకుంటా ఉంటా.”

అలా అంటూ దుప్పటి అంచు వేళ్ళ మధ్య పట్టుకుని కదిపారు. మెల్లగా… జానెడు జానెడు.

ఆ గొంతేనా? బొంగురే. కానీ పెద్దవాళ్ళ గొంతులు చాలావరకు అలాగే ఉంటాయి. అబ్బాయ్ అని మా వైపు ఎవరైనా అంటారు. నాకు తెలియదు… ఇప్పటికీ తెలియదు.

లేచాం. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు.

“నేనూ వస్తానబ్బాయ్, ఎప్పుడన్నా… దాన్నొకసారి చూసుకోటానికి.”

రండి అనాలో… ఒకసారి వచ్చి వెళ్ళారండి అనాలో… అవునంటే అవును, కాదంటే కాదు అనేవాణ్ణి, ఆ గుమ్మంలో రెండూ అనలేకపోయాను.