మామ వదలని తాడు

మా మేనమామ పోయాడని, నెక్కొండ నుంచి పొద్దుటి బండిలో వచ్చిన మనిషి వరంగల్‌లో మా దుకాణం మెట్ల మీద నిలబడి చెప్పాడు. చేతిలో తక్కెడ కింద పెట్టేశాను. నన్ను చావులోంచి పైకి లాగిన మనిషి ఆయన.

మామ బావుల్లో పూడిక తీయించే మేస్త్రీ. చుట్టుపక్కల ఎవరు బావిలో పడ్డా ఆయన కోసమే పరుగెత్తేవారు. పెళ్లికి పిలిస్తే మాత్రం తలనొప్పే. విస్తరి ముందు కూర్చునేలోపు పందిరి గుంజలన్నీ ఊపి చూసేవాడు.

"పెండ్లికొచ్చినవా, పందిరి పీకనీకొచ్చినవా?" అని అత్త కసిరేది.

"నిలబడ్డదల్లా గట్టిదేనా?" అనేవాడు మామ, నవ్వకుండా.

ఆ మాట వెనుక ఆయన తమ్ముడున్నాడు. మోటలు పోయి కరెంటు మోటర్లు వచ్చిన కొత్తలో, మోటరు బాగుచేయడానికి తమ్ముడు తమ పొలం బావిలోకి దిగాడు. తాడును పాత మోట గుంజకే కట్టారు. ఎద్దులు లాగే బరువును ఏళ్లతరబడి మోసిన గుంజ ఒక్క మనిషిని మోయదా అనుకున్నారు. మట్టిలోపల దాన్ని చెదలు తినేశాయి. గుంజతో సహా తమ్ముడు బావిలోకి పోయాడు, మళ్లీ ప్రాణంతో రాలేదు.

అదే బావిలోకి ఒక ఎండాకాలం నేను జారిపడ్డాను. కాలు విరిగింది. ఒక రాయి పట్టుకుని నీళ్లలో వేలాడుతున్నాను, వేళ్లు పట్టు తప్పుతున్నాయి. "లాగుండ్రి, జల్ది లాగుండ్రి" అని పైన అరుపులు. మామ తొందరపడలేదట. నా కోసం బావిలోకి వదలబోయే లావు తాడు చుట్టూ సన్నతాడు మూడు చుట్లు తిప్పి, దాని కొసలను వేపచెట్టుకొకటి, వెనక బండకొకటి కట్టి, తన బరువంతా వేసి గుంజి చూశాడట. తాడు పైకి వస్తుంటే ఆ చుట్లను చేత్తో వదులు చేస్తుండాలి. లాగేవాళ్ల చేయి జారితే అవే బిగుసుకుని తాడును పట్టేస్తాయి.

"అల్లుడా, చంకల కిందికెల్లి కట్టుకో. ఫికర్ చెయ్యకు, నేనున్న."

సగం దూరంలో నిజంగానే వాళ్ల చేతులు జారాయి. నేను జానెడు జారి ఆగిపోయాను.

నన్ను ఒడ్డుకు చేర్చి, దవాఖానకు తీసుకుపోవడానికి బండి కట్టారు. ఎవరో తాడు విప్పబోయారు.

"ఆగుండ్రి," అన్నాడు మామ.

తాడు కొసను మళ్లీ బావిలోకి వదిలాడు. వంగి, "పట్టుకోరా తమ్మీ," అన్నాడు మెల్లగా. బండి కదిలాక వెనక్కి చూశాను. మామ ఆ చుట్ల మీద చెయ్యి పెట్టి, తాడు బరువెక్కుతుందేమోనని ఇంకా నిలబడే ఉన్నాడు.