పరీక్షకు తెచ్చిన గంజి

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులు. కాకినాడ పక్క ఉప్పుటేళ్ళలో నీళ్ళు పరీక్షించే పని నేర్చుకున్నవాణ్ణి నేను. చెరువులు చేపల పెంపకానికి పనికొస్తాయో లేదో చూడమని జగదల్‌పూర్ కచేరీ వాళ్ళు నన్ను రప్పించి, దక్షిణాన శబరి ఒడ్డు ఊళ్ళో దించి వెళ్ళిపోయారు. చెరువు గట్టు మీద ఒక పాక, ఒక నులక మంచం, రెండు పెట్టెల నిండా గాజు సీసాలు. ఇదీ నా సంసారం.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పొద్దున లేచి "ఇవాళ ఎండ గట్టిగా ఉంది" అని చెప్పుకోవడానికి మనిషి లేకపోతే ఎలా ఉంటుందో అక్కడే తెలిసింది. ఒకసారి ఆ మాట థర్మామీటరుతో అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. ఊళ్ళో వాళ్ళలో వాళ్ళు తమ దోర్లీ భాషలో మాట్లాడుకునేవారు. తెలుగు అందరికీ వచ్చు, కానీ నాతో మాట్లాడేవారు కారు. సీసాలో పొగలు కక్కే ద్రావకం పోసే సర్కారు మనిషి దగ్గరికి ఎవరు మాత్రం వస్తారు? వాళ్ళను తప్పు పట్టను. నేనూ ముభావంగానే ఉండేవాణ్ణి.

పని మాత్రం రోజూ ఉండేది. గాలి బుడగ చొరబడకుండా సీసాలో చెరువు నీళ్ళు పట్టి, రెండు మూడు మందులు వరసగా కలిపితే నీళ్ళు తేనె రంగుకు తిరుగుతాయి. అందులో కాస్త పిండి ద్రావణం వేస్తే చిక్కటి నీలం. ఇక ఆ నీలం విరిగేదాకా మరో మందు చుక్క చుక్కగా వదలాలి. ఎక్కువ చుక్కలు పడితే నీళ్ళలో చేప పీల్చుకునే గాలి ఎక్కువున్నట్టు, తక్కువ పడితే తక్కువున్నట్టు.

ఆ పిండే నా కొంప ముంచింది. వచ్చేటప్పుడే బండి వాగులో ఒరిగి, పిండి పొట్లం తడిసి బూజు పట్టింది. ఇంకొకటి పంపమని జగదల్‌పూర్‌కు రాస్తే, చూస్తామని హిందీలో జవాబొచ్చింది. ఎదురుచూసి ఎదురుచూసి, నాకు పని నేర్పిన పెద్దాయన మాట గుర్తు తెచ్చుకున్నాను. గతి లేకపోతే అన్నం గంజి వాడుకోవచ్చు, కాకపోతే అది ఆ పూట వార్చిందే అయి ఉండాలి అనేవాడాయన.

గట్టు చివర ఒక ముసలామె ఉండేది. భర్త పోయాడు. వెదురుతో చేపలు పట్టే బుట్టలు అల్లుకుని బతికేది. ఆమె గుమ్మం ముందు నిలబడి, మొహమాటంతో ఎందుకో ఏమిటో చెప్పకుండా, "అవ్వా, కాస్త గంజి ఇస్తావా?" అన్నాను.

"ఏందయ్యా, సర్కారు నీకు బువ్వ గూడ పెడ్తలేదా?" అంది.

నెలన్నర తర్వాత ఒక మనిషి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నవ్వొచ్చింది. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాటి నుంచి ఆమే తెచ్చేది. ఒక చెంచాడు పక్కకు తీసుకుని మిగతాది తాగేవాణ్ణి. నేను తాగేదాకా ఎదురుగా కూర్చునేది. మొదట "దొరా" అని పిలిచేది, నాలుగు రోజులకే "బిడ్డా" అయ్యాను. ఉత్త గంజి ఏం తాగుతావని ఉప్పు వేసింది. తర్వాత ఆకు మీద ఉల్లిగడ్డ పెట్టి తెచ్చింది. ఇప్పపూలు ఎప్పుడు రాలతాయో, తన పెనిమిటి ఎంత కోపిష్టో చెప్పేది. నేను సముద్రం గురించి చెబితే ఒక్క ముక్క నమ్మేది కాదు. రోజు మొత్తంలో నేను మనిషిలా ఉండేది ఆ కాసేపే.

ఎండాకాలంలో ఊరంతా కలిసి ఒక చెట్టు బెరడు దంచి చెరువులో కలిపి, మత్తెక్కి తేలిన చేపల్ని పంచుకోవడం అక్కడి ఆనవాయితీ. నీళ్ళు పాడవుతాయి, ఈ ఏడు వద్దు, వానల్లో గోదావరి నుంచి మేలు రకం చేపపిల్లలు తెప్పిస్తాను అని ఊరి పంచాయితీలో అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. ముసలామె లేచి, "ఆ పిల్లగాడు అబద్ధమాడడు. నేను పూచీ" అంది. ఆమె మాట మీద ఊరు ఆ ఏడాది తన చేపల్ని వదులుకుంది.

ఎండలు ముదిరాక ఆమె పులిసిన గంజి తేవడం మొదలుపెట్టింది. మా వైపు తరవాణి అంటాం. "కడుపుకు సల్లగుంటది బిడ్డా" అంది. అది సీసాలో వేస్తే నీలానికి బదులు ఎర్రటి మురికి రంగు వచ్చింది. ఎంతకూ విరగదు. ఆ ఎరుపు పోయేదాకా చుక్కలు వేస్తూ పోయాను. లెక్క పెరిగింది, చెరువు నీళ్ళు బ్రహ్మాండం అని పుస్తకంలో రాశాను. అది తప్పుడు లెక్కని నాకు తెలుసు. కనీసం అనుమానం ఉంది. వేడి గంజి కావాలంటే ఎందుకో చెప్పాలి, చెబితే ఆమె వచ్చి కూర్చోదేమో. ఆ భయంతో నోరు మూసుకున్నాను.

వానలు పడ్డాక చేపపిల్లలు కుండల్లో, కావళ్ళ మీద వచ్చాయి. దారి పొడుగునా నీళ్ళు కలియబెడుతూ, ప్రాణం పోకుండా మోసుకొచ్చారు. నా పుస్తకం చూసుకుని అన్నీ చెరువులో వదిలించాను. మూడు రోజులు ముసురు పట్టింది, ఎండ లేకపోతే నీళ్ళలో గాలి ఇంకా తగ్గుతుంది. నాలుగో పొద్దున ఒడ్డు పొడుగునా తెల్లగా తేలి ఉన్నాయి.

ఊళ్ళో వాళ్ళు నన్ను ఏమీ అనలేదు. ఆమెను పలకరించడం మానేశారు.

ఆ రోజూ గంజి తెచ్చింది. "పోనీలే బిడ్డా, ముందు తాగు" అంది. అప్పుడు చెప్పాను. గంజి అడిగింది తాగడానికి కాదని, సీసాలో వేయడానికని, పులిసిన గంజితో లెక్క తప్పిందని, తెలిసీ చెప్పలేదని.

ఆమె గిన్నె కేసి చూసింది. "మరి రోజూ తాగితివి గదా?"

"నువ్వు కూర్చుంటావని తాగాను."

ఆమె కళ్ళు చెరువు వైపు తిప్పుకుంది. "నిన్న పొద్దుగాల్ల చేపపిల్లలు గాలాడక నోర్లు తెరుసుకొని పైకొచ్చినయ్. నేను జూసిన. నీ సీసలకు ఎరుకుంటదనుకున్న. నువ్వు అడగకపోతివి." గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

వారం తర్వాత నన్ను వెనక్కి రమ్మని కచేరీ నుంచి కబురొచ్చింది. ఆ వారమంతా ఆమె రాలేదు. నేనూ వెళ్ళలేదు. వెళ్ళి ఉండాల్సింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట నాకు నేనే చెప్పుకుంటాను, తిట్టుకుంటూనే.

బయల్దేరే రోజు పొద్దున సీసాలు పెట్టెల్లో సర్దుతుంటే గుమ్మంలో నీడ పడింది. ఆమే. గిన్నెలో గంజి పొగలు కక్కుతోంది. గడప మీద పెట్టింది. లోపలికి రాలేదు, కూర్చోలేదు.

"పరీక్షకు తెచ్చిన దొరా. ఇయ్యాల వార్చిందే."

ఆమె గట్టు దిగి వెళ్ళాక సర్దిన సీసాలు మళ్ళీ బయటికి తీశాను. చెరువు నీళ్ళు పట్టాను. ఆమె గంజి పడగానే చక్కటి నీలం వచ్చింది. కాసిని చుక్కలకే విరిగిపోయింది. ఆ సంఖ్య పుస్తకంలో రాసి, పులిసిన గంజితో రాసిన లెక్కలన్నీ కొట్టేసి కింద సంతకం పెట్టాను.

గిన్నెలో ఇంకా సగం పైగా గంజి మిగిలింది. గడప మీద కూర్చుని తాగాను. అందులో ఆమె ఉప్పు వేయలేదు.