మూడు దెబ్బల తర్వాత ఖాళీ

నేను అయిదో తరగతి దాకే చదివాను. ఇలా రాయడం ఇదే మొదటిసారి. తప్పు రాస్తానేమోనని భయంగానే ఉంది.

కొత్తగూడెంలో మాది బొగ్గుగని క్వార్టర్. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అందులోనే ఉన్నాం. మా ఆయన రిటైరయ్యాడు, ఇక ఖాళీ చేయాలి. మాకు వేరే ఇల్లు లేదు. ఇంకొన్నాళ్లు ఉండనిమ్మని అడగడానికి ఆయన రోజూ ఆఫీసుకు పోయి వస్తున్నాడు.

ఆ రోజుల్లోనే, డిగ్రీ చదివే మా బిడ్డ పరీక్ష కోసం ఒక ఇంగ్లీషు పద్యం పైకి చదివేది. చాలా పాతదట. దూరాన ఉన్నవాడు తన ఇంటిని తలుచుకుంటాడట. నేను బియ్యం చెరుగుతూ వినేదాన్ని. మాటలు తెలియలేదు గానీ దరువు తెలిసింది. ఒక లైనుకు నాలుగు దెబ్బలు, తర్వాతి లైనుకు మూడు. రెండో లైను, నాలుగో లైను ఒకే మోతతో ఆగుతాయి.

పెళ్లికి ముందు కల్లూరు వైపు నాట్లకు పోయేదాన్ని. మా పాటలూ అంతే. చెప్పే ఆమె మూడు దెబ్బలకు ఆగుతుంది. ఆ ఖాళీలో మిగతావాళ్లం చివరి మాట అందుకుని నారు గుచ్చుతాం. ఆ అలవాటు కొద్దీ బిడ్డ ఆగిన చోట నేను అందుకున్నాను. గోడ అవతల నుంచి పక్కింటామె కూడా అందుకుంది. ఆమె కూడా నాట్లు వేసిన మనిషే.

“అమ్మా, ఊకో. గిది నాటు పాట కాదు. ఆడ ఖాళీ ఉండాలె, సార్ చెప్పిండు.”

“ఏందే పిల్లా,” అంది గోడ అవతలామె, “గంత పొలం ఆ ఇంగ్లీషు దొర ఒక్కడే నాటుతడా?”

ముగ్గురం నవ్వాం.

“ఇంతకీ ఆ పద్యంల ఆయన ఇంటికి చేరిండా?” అని బిడ్డను అడిగాను.

“చేరలే. తలుసుకునుడే.”

ముందు పక్కింటివాళ్లు పోయారు, ఆమె భర్తకూ సర్వీసు అయిపోయింది. గడువు కుదరదన్నారని ఆ వారమే మా ఆయన వచ్చి చెప్పాడు. ఇల్లు కడిగి తాళం ఇచ్చేశాం.

ఇప్పుడు అశ్వారావుపేటలో ఒక్క గది, కిరాయికి. గోడ అవతల ఎవరుంటారో ఇంకా తెలియదు. మొన్న బిడ్డ మళ్లీ ఆ పద్యం తీసింది. మూడు దెబ్బలకు ఆగి నా వైపు చూసింది.

“అందుకోవేందమ్మా?”

నోరు తెరిచాను. గోడ వైపు చూసి ఆగాను. అటు పక్క ఎవరో తలుపు వేసుకున్నారు.

బిడ్డ గొంతు తగ్గించి తర్వాతి లైను చదువుకుంది.